వర్తకుని చిట్టా - సర్కారు పన్ను

పన్నెంత యని యడుగువారు లోకమున ననేకులు. ఆ మొత్తమును లెక్కించిన దెవరు, దేనిని జూచి లెక్కించిరి యని యడుగువారు కొలదిమంది. రాజ్యచరిత్రలు వ్రాయువారును పన్నుల భారమును వర్ణింతురు గాని, పన్ను లెక్కించు విధమును సాధారణముగా విడిచిపెట్టుదురు. వర్తకుని విషయమున నీ రెండవ ప్రశ్నయే ముఖ్యము. రైతు పొలము అందరికిని కనబడును. గొలుసుతో కొలిచి దాని విస్తీర్ణమును తేల్చవచ్చును. ఉద్యోగి జీతము కాగితముమీద వ్రాసియుండును. వర్తకుని లాభమన్ననో, సంవత్సరాంతమున లెక్క కట్టినగాని వానికే తెలియదు. కంటికి గనబడని యట్టి వస్తువుమీద పన్ను వేయదలచిన ప్రభుత్వమునకు రెండే త్రోవలు గలవు: ఊహించుట యొకటి, వర్తకుని లెక్కను చూచుట యొకటి. మొదటి త్రోవనుండి రెండవ త్రోవకు మన దేశము నడచివచ్చిన చరిత్రయే యీ వ్యాసమునకు విషయము.

సంగతి సులభముగా బోధపడుటకై యొక చిన్న చిట్టాను ముందుంచుకొందము. ఒక బట్టల వర్తకుడు సంవత్సరమున 40,000 రూపాయల సరుకు కొని, దాని నంతయు 50,000 రూపాయల కమ్మెననుకొందము. అంగడి యద్దె, గుమాస్తా జీతము, బండి కూలి మొదలగువానికి 6,000 రూపాయలు వ్యయమాయెను. ఖర్చులుపోగా మిగిలినది 4,000 రూపాయలు. ఇది మనము కల్పించుకొన్న లెక్క. ఈ యంకెలే యొక్కొక్క కాలమున నొక్కొక్క విధముగా పన్నునకు లోబడుటను క్రమముగా చూడవచ్చును.

మన ప్రాచీనులకు ఈ చిక్కు తెలియక పోలేదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుని ప్రకరణము కలదు. నగరద్వారమున ధ్వజము నెత్తిన శుల్కశాలయొద్ద వర్తకులు సరుకును దింపి, పరిమాణమును వెలను ముమ్మారు చాటవలెను. కొనువారు పోటీపడి వెల పెంచినచో, పెరిగిన ధనము శుల్కముతోగూడ రాజునకు జెందును. శుల్కమునకు వెరచి పరిమాణమునో వెలనో తగ్గించి చెప్పినచో, అధికమైన దానిని రాజు గైకొనును. లేదా శుల్కమునకు ఎనిమిదిరెట్లు వర్తకుడు చెల్లింపవలెను. ఇందు చిట్టాతో పనిలేదు. సరుకు నలుగురి యెదుట నుండును. వెలయు నలుగురి యెదుట తేలును. మన బట్టల వర్తకుడు తెచ్చిన మూటలే వాని లెక్క. వాని యద్దెగాని, గుమాస్తా జీతముగాని యక్కడ నెవరును విచారింపరు.

మనుస్మృతి సప్తమాధ్యాయము మరియొక యడుగు ముందునకు వేసినది. వర్తకునివలన పన్ను గొనుటకు ముందు రాజు వాని క్రయవిక్రయములను, నడచివచ్చిన దారిని, దారిబత్తెమును, ఇతర వ్యయములను, సరుకును గాపాడుకొనుటకైన ఖర్చును విచారింపవలెనని యందు జెప్పబడినది. ఖర్చులు పోగా మిగిలినదే పన్నునకు దగిన భాగమను సూత్రము మనకు క్రొత్తది కాదని దీనివలన తేలుచున్నది. అయిన నా విచారణ చేయువాడు రాజు, వర్తకుడు కాడు. విచారణ తప్పినచో వర్తకుడు దేనిని జూపి మొరపెట్టుకొనవలెనో శాస్త్రము చెప్పలేదు. ధర్మము రాజుయొక్క మంచితనముమీద నిలిచియుండెను.

రాజు మాట యిచ్చి దానిని శిలపై జెక్కించినచో నా ధర్మమునకు కొంత బలము కలుగును. అట్టి శిల మన తీరముననే యున్నది. చినగంజాము సమీపమున సముద్రపుటొడ్డున నున్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45వ సంవత్సరమున నొక యభయశాసనము వేయించెను. తుపానులో బడి యోడలు చెడి యొడ్డునకు గొట్టుకొనివచ్చినప్పుడు వానిలోని ధనమును పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, ధనము ప్రాణములకంటె ప్రియమైనది గావున తాను నిర్ణీతమైన శుల్కము తప్ప మరేమియు గైకొననియు నందు బ్రకటింపబడినది. గంధపుచెక్క, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, పట్టు, మిరియములు మొదలగు సరుకులకు పన్ను విడివిడిగా జెక్కబడినది. పరదేశపు నావికుడు రేవునకు రాకముందే తన పన్నును తాను లెక్కించుకొనగలిగెను. ఈ శాసనము దయకు నిదర్శనమని కొందరు కొనియాడుదురు. దయకంటె గొప్ప గుణ మిందు గలదు: పన్ను ముందుగా తెలియుట.

అట్టి నిశ్చయము లేనప్పుడు సామాన్యుని గతి యేమగునో మొతర్ఫా చరిత్ర చెప్పుచున్నది. పనివాడని యర్థము నిచ్చు నరబ్బీ మాటనుండి యీ పేరు పుట్టినది. ఇండ్లమీదను, అంగళ్లమీదను, మగ్గములమీదను, చేతిపనులమీదను వేయు పన్నులకెల్ల నిది ఉమ్మడి పేరు. ఉత్తర సర్కారులలో వర్తకులమీది పన్నునకు వీసబడి యను పేరుండెను. వీసమనగా పదునారవ వంతు. ఆ పేరే వాటాల పద్ధతిని దెలుపుచున్నది. మొతర్ఫాలో చూచునది లాభము కాదు, పనిముట్టు. మగ్గ మాడినను ఆడకున్నను, నేసిన బట్ట యమ్ముడుపోయినను పోకున్నను, మగ్గమున్నది గావున పన్నున్నది. ఆంగ్లదేశపు మరబట్టలు వచ్చి మన నేతగాని వెల పడిపోయినప్పుడును మగ్గముల సంఖ్య తగ్గలేదు గావున పన్ను తగ్గలేదు.

1852వ సంవత్సరమున చెన్నపట్టణమున గాజుల లక్ష్మీనర్సు సెట్టిగారు మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించిరి. వీరు తెలుగువారు; స్వయముగా వర్తకులు; అంతకుముందే క్రెసెంటు పత్రికను నడిపినవారు. ఆ సంఘము ఆంగ్ల పార్లమెంటునకు బంపిన విన్నపములో మొతర్ఫాను గూర్చిన ఫిర్యాదు ప్రధానమైనది. నేతగాండ్రు, వడ్రంగులు, లోహపు పనివారు, అంగడి గలవారు, దారిప్రక్కను కూర్చుండి యమ్ముకొనువారు గూడ దీనికి లోబడియుండిరనియు, కొన్ని చౌక పనిముట్ల వెలకు ఆరురెట్లు వానిమీది పన్ను తరచుగా నుండెననియు నందు మొరపెట్టబడెను. ఈ యారురెట్ల మాట చదువరులు జ్ఞప్తియందుంచుకొనదగినది. ఒక యులి వెల రూపాయి యయినచో దానిని చేతబట్టుటకు సర్కారునకు ఆరు రూపాయలీయవలెను! ఆ యులితో నెంత సంపాదించితివని యడిగినవారు లేరు. పనివాడు చెప్పుకొనుటకు లెక్కయు లేదు, లెక్కను వినువాడును లేడు.

1857వ సంవత్సరపు తిరుగుబాటు ఆంగ్లప్రభుత్వమును ఋణములో ముంచెను. ఆ లోటు పూడ్చుటకు వచ్చిన జేమ్సు విల్సను 1860 ఫిబ్రవరిలో ఆదాయపుపన్నును ప్రతిపాదించెను. భూమి, వర్తకవృత్తులు, ప్రభుత్వ ఋణపత్రములు, జీతములు అని ఆదాయము నాలుగు తరగతులుగా విభజింపబడెను. 200 రూపాయలు మొదలు 500 వరకు గలవారికి నూటికి రెండు, అంతకుమించినవారికి నూటికి నాలుగు చొప్పున పన్ను నిర్ణయమయ్యెను. చెన్నపట్టణపు గవర్నరు సర్ చార్లెసు ట్రెవెలియను దీనిని బహిరంగముగా నెదిరించి, తన యభిప్రాయమును పత్రికలకిచ్చి, ఆ కారణమున పదవినుండి పిలిపింపబడెను. విల్సను ఆ సంవత్సరము ఆగష్టులోనే కలకత్తాలో మరణించెను. చిత్రమేమనగా, ఆ ట్రెవెలియనే మరల ఆర్థికసభ్యుడై వచ్చెను; 1865లో ఆ పన్ను ముగిసిపోయెను.

ఈ పన్నును ప్రజలు ద్వేషించిరి. అది పరప్రభుత్వపు ఋణమునకు మనము చెల్లించినది గావున ద్వేషము న్యాయమే. కాని దాని లోపలి సూత్రము మొతర్ఫా సూత్రముకంటె మేలైనది. అది పనిముట్టు నడుగలేదు; సంపాదన నడిగెను. ఆదాయపుపన్ను వచ్చిన పిమ్మట మొతర్ఫా తొలగుటయు మన పనివారికి మేలే యయ్యెను. అయినను సూత్రమొకటి, ఆచరణమొకటి. లాభమును చూపు లెక్క సర్కారు నమ్మదగినట్లు లేదు. సర్కారు నౌకరు వర్తకుడు నమ్మదగినట్లు లేడు. అందుచేత పన్నులు మరల ఊహలోనికి జారెను. 1867లో లైసెన్సుపన్ను, 1868లో సర్టిఫికెట్టుపన్ను, 1869లో మరల ఆదాయపుపన్ను, 1873లో దాని రద్దు, ఘోరక్షామము పిమ్మట 1878లో మరల లైసెన్సుపన్ను. ఇరువది యేండ్లలోపల నిన్ని మార్పులు! లైసెన్సుపన్నునందు వర్తకులను తరగతులుగా విభజించి, తరగతికింత యని వసూలుచేసిరి. ఫలానావాడే తరగతివాడను నిర్ణయము అధికారి చూపుమీద నాధారపడియుండెను.

1886వ సంవత్సరపు చట్టముతో ఆదాయపుపన్ను స్థిరపడెను. 500 రూపాయలకు లోపలివారికి పన్ను లేదు. 1903లో ఆ హద్దు 1,000 రూపాయలకు బెంచబడెను. 2,000 రూపాయలు మొదలు పైయాదాయమునకు రూపాయి కైదు పైసలు. మన చిట్టాలోని వర్తకుని లాభము 4,000 గదా. రూపాయి కైదు చొప్పున 20,000 పైసలు. నాటి రూపాయికి 192 పైసలు గావున, పన్ను 104 రూపాయల 2 అణాల 8 పైసలు. ఈ లెక్కను వీధిబడిలో చదివిన బాలుడైనను కట్టగలడు. కట్టలేని దొక్కటే: ఆ 4,000 నిజమైన లాభమగునా కాదా యనునది.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినది 1922వ సంవత్సరపు చట్టము. వ్యాపారలాభము తేల్చుటకు ముందు అద్దె, మరమ్మతులు, వడ్డీ, భీమా, యంత్రముల యరుగుదల, వ్యాపారార్థమైన యితరవ్యయములు తీసివేయవలెనని యందు నియమములు గలవు. క్రొత్త యంత్రము కొనుట పెట్టుబడి. దానిని ఖర్చులో వ్రాయరాదు. పాత యంత్రమును బాగుచేయుట ఖర్చు, దానిని వ్రాయవచ్చును. సంక్రాంతికి అల్లునికి బెట్టిన పట్టుపంచెల వెల అంగడి లెక్కలో నెంత నేర్పుగా చేర్చినను చెల్లదు. నిలువసరుకు సంగతి యింతకంటె సూక్ష్మము. మన వర్తకుడు కొన్న సరుకంతయు అమ్మెనని యనుకొంటిమి. కాని లోకములో నట్లు జరుగదు. సంవత్సరాంతమున అంగడిలో మిగిలిన బట్టకు వెల కట్టవలెను. అమ్మకములకు ఆ వెలను గలిపి, ఏడాది మొదట నున్న సరుకు వెలయు ఏడాదిలో గొన్న సరుకు వెలయు తీసివేసినచో మొత్తపు లాభము తేలును. మిగిలిన సరుకును తక్కువకు గట్టినచో ఈ యేటి లాభము తగ్గును. ఎక్కువకు గట్టినచో పెరుగును. అందుచేత కొన్నవెల, బజారువెల అను రెండింటిలో తక్కువదానిని గైకొనుట వర్తకలోకమున నాచారమైనది.

ఆ చట్టముననే పదుమూడవ విభాగము నా దృష్టిలో మిక్కిలి విలువైనది. వర్తకుడు క్రమము తప్పక యనుసరించు లెక్కపద్ధతి యేదో, దాని ననుసరించియే వాని యాదాయము నిర్ణయింపవలెనని యది చెప్పినది. ఆ పద్ధతివలన నిజమైన లాభము తేలకున్నగాని, అధికారి వేరొక పద్ధతి చేపట్టరాదు. మొతర్ఫాకాలపు పనివాని స్థితితో దీనిని బోల్చిచూడుడు. తెలుగు చిట్టాయు ఆవర్జాయు ఇప్పుడు సాక్ష్యములైనవి. లెక్కలు చూపనివానికి మాత్రము అధికారి తన యుత్తమనిర్ణయము చొప్పున పన్ను వేయవచ్చును. ఆ నిర్ణయమునకును హద్దు గలదని 1937లో ప్రీవీకౌన్సిలు లక్ష్మీనారాయణ బద్రీదాసు వ్యాజ్యమున తీర్పుచెప్పెను: అధికారి ఊహింపక తప్పదు గాని, ఆ యూహ కక్షతోను, ఇచ్చవచ్చినట్లును గూడినది కాక, నిజాయితీ గలదై యుండవలెను. 1939వ సంవత్సరపు సవరణచే ఒకయేటి నష్టమును పై యారేండ్ల లాభములలో తగ్గించుకొను హక్కు వర్తకునకు గలిగెను. 1941లో అప్పీళ్లు వినుటకు ప్రత్యేకమైన ట్రిబ్యునలు ఏర్పడెను. అప్పటికి వర్తకుడు తన పన్నును గూర్చి వాదింపగలవాడయ్యెను. వాని వాదమునకు మూలము వాని పుస్తకమే.

ఆ 1939లోనే చెన్నరాష్ట్రమున మరియొక లెక్క వచ్చెను. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మద్యనిషేధమును మొదట సేలములోను, పిమ్మట మన చిత్తూరు కడపజిల్లాలలోను అమలుపరచెను. కల్లు సారాయి రాబడి పోగా గలిగిన లోటునకు సామాన్యవిక్రయపుపన్ను విధింపబడెను. సాలీనా 10,000 రూపాయల లోపు అమ్మకముగలవారికి పన్ను లేదు. 20,000 వరకు నెలకైదు రూపాయలు. ఆపైన అమ్మకముమీద నూటికి అర్ధరూపాయి. మన చిట్టాకు మరల వత్తము. 50,000 రూపాయల యమ్మకమునకు పన్ను 250 రూపాయలు. 4,000 రూపాయల లాభములో నిది సరిగా వీసము. లాభము 4,000కు మారుగా 400 అయినను పన్ను 250 రూపాయలే. నష్టము వచ్చినను 250 రూపాయలే. కొనువానివద్ద రాబట్టుకొనవచ్చునందురు గాని, పోటీగల బజారులో చిన్న వర్తకున కది యెల్లప్పుడును సాగదు. ఉద్దేశము పవిత్రమైనది, లెక్క మాత్రము సులభమైనది. సులభమైన లెక్క న్యాయమైన లెక్క యని చెప్పుటకు వీలులేదు.

ఈ పన్ను న్యాయస్థానమునకెక్కుటకును తెలుగు వర్తకులే కారకులైరి. వేరుసెనగ నూనెయు పిండియు దీయు బొడ్డు పైడన్న అండ్ సన్సు అను సంస్థ, తయారుచేసినవాడే చేయు మొదటి యమ్మకముమీద రాష్ట్రము పన్ను వేయుట ఎక్సైజుసుంకమే యగుననియు, అది కేంద్రప్రభుత్వపు హక్కనియు వాదించెను. 1942లో ఫెడరలుకోర్టు ఆ వాదమును ద్రోసివేసెను. ఎక్సైజు వస్తువు పుట్టుటమీద బడును, విక్రయపుపన్ను అమ్ముటమీద బడును. రెండును ఒకేచోట తటస్థించినను రెండును వేరని కోర్టు తేల్చెను. 1945లో ప్రీవీకౌన్సిలు ఈ నిర్ణయమును బలపరచెను. నేడును వ్యవహారభాషలో మనము పలుకు అమ్మకపుపన్ను అను మాటవెనుక నీ వ్యాజ్యము గలదు.

చేతులు మారినప్పుడెల్ల పన్ను పడుటవలన మరియొక యన్యాయము పుట్టెను. నేతగానినుండి టోకువర్తకునికి, వానినుండి చిల్లరవర్తకునికి వచ్చులోపల బట్టమీద పన్ను రెండుమార్లు పడును. పన్నుమీద పన్ను పడును. హైదరాబాదు రాష్ట్రమున 1950లో విక్రయపుపన్ను చట్టము వచ్చెను. రెండు ప్రాంతములును గలిసి ఆంధ్రప్రదేశమైన పిదప 1957వ సంవత్సరపు చట్ట మొకటే రెండింటికి నయ్యెను. పన్నుమీది పన్నును దొలగించు మార్గము 2005 ఏప్రిలులో వచ్చిన విలువజోడింపు పన్నుతో మన రాష్ట్రమున మొదలై, 2017 జూలై 1వ తేదీన దేశమంతట నమలులోనికి వచ్చిన వస్తుసేవలపన్నుతో విస్తరించెను. నూటి కైదు చొప్పున పన్నుగల సరుకైనచో, మన వర్తకుడు కొన్నప్పుడు 40,000 మీద 2,000 రూపాయల పన్ను చెల్లించియుండును. అమ్మినప్పుడు 50,000 మీద 2,500 రాబట్టును. సర్కారునకు గట్టవలసినది తేడాయగు 500 మాత్రమే. అద్దె మొదలగువానిమీది పన్నును లెక్క తేలికకై విడిచితిమి. ఇందు గమనింపవలసిన విశేషమేమనగా, అమ్మినవాడు తన లెక్కలో జూపినగాని కొన్నవానికి మినహాయింపు రాదు. ఒకని చిట్టాకు మరియొకని చిట్టా సాక్షి. తనకు సరుకమ్మినవాడు లెక్క దాచినచో, ఏ పాపము నెరుగని కొనుగోలుదారుడు నష్టపడుటయు గలదు. ఈ లోపము సవరింపదగినదే.

ఇంత దూరము వచ్చినను ఊహ మనలను విడువలేదు. చిన్న వ్యాపారులకు పుస్తకములు వ్రాయు శ్రమను దప్పించుటకై, అమ్మకములో నూటి కెనిమిది లాభమని యెంచి ఆదాయపుపన్ను గట్టు విధాన మొకటి గలదు. సొమ్ము బ్యాంకుద్వారా వచ్చినచో నూటి కారు. మన వర్తకుని 50,000 రూపాయలమీద నూటి కెనిమిది చొప్పున 4,000 లాభము! మన కల్పితపు లెక్కతో నిది సరిపోవుట కేవలము కాకతాళీయము. నిజముగా మూడువంతుల లాభమే వచ్చినవానికి ఈ ఊహ భారము, పండ్రెండు వంతులు వచ్చినవానికి లాభము. అయినను మొతర్ఫాకాలపు ఊహకును దీనికిని భేదము గలదు. అప్పుడు వేరుదారి లేదు. ఇప్పుడు తన లాభ మంతకు దక్కువయని పుస్తకముతో రుజువుచేయ నిచ్చగించువానికి దారి తెరచియున్నది. పుస్తకము లేనివానికి మాత్రము తెరచిన దారియు మూసిన దారియు నొక్కటే.

వర్తకులు రెండు లెక్కలు వ్రాయుదురనియు, ఒకటి యింటికి, ఒకటి సర్కారుకనియు, అట్టివారి పుస్తకమును గొప్పచేయుట యేల యనియు కొంద రాక్షేపింపవచ్చును. ఆ యాచారము గలదు. దానిని గప్పిపుచ్చుట మేలుగాదు. అది పుట్టిన విధమును గూడ తెలిసికొనవలెను. చూపిన లెక్కను నమ్మని యధికారి రెట్టింపు ఊహించును. రెట్టింపు ఊహించునని యెరిగిన వర్తకుడు సగమే చూపును. ఊహ యబద్ధమును గనును, అబద్ధము మరల ఊహను గనును. ఈ చక్రమును ఎవరో యొకరు ఆపవలెను. అధికారి మొదట నమ్మవలెననుటయు, వర్తకుడు మొదట నిజము వ్రాయవలెననుటయు నొకే పనికి రెండు వైపులు. దాచినవాని భారము దాచనివాని మీదనే పడును; జీతముమీద బ్రతుకు గుమాస్తామీదను, ఉప్పు పప్పు కొనుకొను కూలివానిమీదను పడును.

కావున సంస్కరణ గోరువారు పన్నుల హెచ్చుతగ్గులను గూర్చి మాత్రమే వాదించుట చాలదు. జమాఖర్చు వ్రాయుట, నిలువసరుకునకు వెల కట్టుట, లాభమునకును రాబడికిని భేదమెరుగుట మన పాఠశాలలలో పిల్లలందరికిని, ఆడపిల్లలకు గూడ నేర్పవలసిన విద్య. కుట్టుమిషనుతో బ్రతుకు స్త్రీయు, బండిమీద పండ్లమ్ము పిల్లవాడును తమ లెక్క తాము చదువుకొనగలిగినప్పుడే వారికి పన్నుచట్టము చట్టమగును. లేనిచో నది మధ్యవర్తి చెప్పిన మాట. పన్ను నోటీసులును పత్రములును తెలుగుననే, తెలుగువానికి దెలియు తెలుగుననే యుండుట ప్రభుత్వము చేయవలసిన పని. మోటుపల్లి రేవున ఏ సరుకున కెంతయో శిలమీద జెక్కి చూపిన దేశము మనది. ఆ శిలమీది యక్షరములను చదివి, నాకింత పడును, ఇంతకు మించి పడదు అని నావికుడు నిబ్బరముగా చెప్పగలిగెను. నేటి యంగడివాడును తన చిట్టాను ముందుంచుకొని ఆ మాటయే చెప్పగలుగవలెను.